మొండి ఉక్కు

ఉక్కును లాగి దాని బలం చూసే లాగుడు మిషను నడిపే ఆవిడ కడ్డీ ముక్కను బల్ల మీద పెట్టి, చేతికంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటూ, "ఇది మామూలు గట్టిది కాదు సార్," అంది. ఫస్టు క్లాసులో పాసైన మేనల్లుణ్ణి చూపించినట్టు చూపించింది.

పరీక్షల అధికారి అయిన ఆయన కళ్ళజోడు సర్దుకుని, గట్టిదనం కొలిచే పరికరం మీదికి వంగాడు. దాని వజ్రపు మొన ఉక్కును ఒక్కసారి నొక్కి పైకి లేచింది. మొన ఎంత లోతుకు దిగితే ఉక్కు అంత మెత్తనిది, ఎంత పైపైన ఆగిపోతే అంత గట్టిది. ముల్లు ముప్పై తొమ్మిది దగ్గర నిలిచింది.

"ఇంకోచోట పెట్టండమ్మా."

ఇంకోచోట ముప్పై తొమ్మిదిన్నర. అంచున నలభై.

"నలభై!" అంది ఆవిడ. "నా సర్వీసులో ఇన్ని మార్కులు ఏ కడ్డీకీ రాలేదు."

"ఆగండి," అన్నాడాయన.

ఈ మాట వల్లే ఆఫీసులో ఆయనకు ఆగండిగారు అని పేరు. వెనకాల మాత్రమే అంటారని చాలాకాలం అనుకున్నాడు. ఒకరోజు టపా పంచే మనిషి కవరు మీద కూడా అదే రాసి పంపాడు. ఆయన నొచ్చుకోలేదు. కవరు సరైన బల్ల మీదికే చేరింది, అది చాలనుకున్నాడు.

ఊరి చివర నది మీద కొత్త వంతెన సిద్ధంగా ఉంది. పాతది నాలుగేళ్ళ కిందట పోయింది. దాని పైభాగానికి ఏ లోపమూ లేదు. వరద నీరు ఒక స్తంభం పాదం కింద ఇసుకను తవ్వుకుంటూ పోయి, ఒక మధ్యాహ్నం ఆ స్తంభాన్ని పక్కకు వాల్చేసింది. అప్పటి నుంచి జనం లాంచీలో నది దాటుతున్నారు. అందుకే ఈసారి పునాదులను రాయి తగిలేదాకా దింపారు. స్తంభాలు కాంక్రీటువి, నెత్తిన పడిన బరువును ఓర్చుకోవడం దానికి బాగా వచ్చు. పైన దూలాలు ఉక్కువి. లాగితే కాంక్రీటు పగులుతుంది, ఉక్కు తట్టుకుంటుంది. దూలాలను స్తంభాలకు బిగించి పట్టేవి తొంభై ఆరు కడ్డీలు. ఒక్కొక్కటి మనిషంత పొడవు, మణికట్టంత లావు. గాలికీ బళ్ళ అదురుకూ వంతెన తన చోటు వదలకుండా చూసేవి అవే. తుప్పు పట్టకుండా వాటికి జింకు పూత పూశారు.

బల్ల మీది ముక్క ఆ కడ్డీల పోతలోదే, వాటితో పాటు ఒకేసారి కరిగించి పోసిన ఉక్కు. ఆయన సంతకం ఒక్కటి పడితే తొమ్మిది రోజుల్లో వంతెన తెరుస్తారు. ఎప్పటిలాగే పని ముందు అయిపోయింది, పరీక్ష తరువాత వచ్చింది.

"తక్కువైతే కదా సార్ బాధపడాలి," అంది ఆవిడ. "ఎక్కువైతే ఏమిటి?"

ఆయన ఫైలు తిరగేశాడు. డిజైన్ వాళ్ళ కాగితంలో, కడ్డీల గట్టిదనం ముప్పై నాలుగుకు మించకూడదు, అని ఉంది. దాని వెనకాలే ఫ్యాక్టరీకి పంపిన ఆర్డరు ఉంది. అందులో, ముప్పై నాలుగుకు తగ్గకూడదు, అని ఉంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాడు. ఒక్క మాట తేడా. ఆర్డరు కింద ఉన్న సంతకం తన బావమరిదిది.

బావమరిది అంటే, ఆరేళ్ళ కిందట చనిపోయిన ఆయన భార్యకు తమ్ముడు. వంతెన పనులన్నీ చూసే ఇంజనీరు అతనే. ఫోన్ చేసిన అరగంటకు, నెత్తిన హెల్మెట్ అలాగే పెట్టుకుని, బూట్ల నిండా సిమెంటు దుమ్ముతో వచ్చాడు.

"ఏంటి బావా, వచ్చిపో అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశావు? దార్లో నా గుండె ఎన్నిసార్లు ఆగిందో తెలుసా?"

"కూర్చో. టీ తాగు."

"టీ తాగమన్నావంటే కొంప మునిగినట్టే. చెప్పు."

ఆయన రెండు కాగితాలూ ముందుకు జరిపాడు. బావమరిది చదివి, ఊపిరి వదిలి, నవ్వాడు.

"ఓస్, ఇదా! ఇది నేనే దిద్దాను. డిజైన్ వాళ్ళ దాంట్లో అచ్చుతప్పు పడింది."

"అచ్చుతప్పని ఎవరన్నారు?"

"ఎవరో అనడమెందుకు? గట్టిదనం ఇంతకు మించకూడదని ఎవడైనా రాస్తాడా? తెలివి ఇంతకు మించకూడదు, నిజాయితీ ఇంతకు మించకూడదు అన్నట్టు లేదూ? వాళ్ళు అడిగినదానికన్నా గట్టివే తెప్పించాను. కావాలంటే సన్మానం చెయ్యి."

"వాళ్ళను ఒక్కసారి అడగకపోయావా?"

"అప్పుడు అంత టైమెక్కడిది?" అని, బావ ముఖం చూసి, బావమరిది టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏం, గట్టిదైతే తప్పా?"

"పూత పూసే ముందు ఉక్కును ఆమ్లంలో ముంచి కడుగుతారు కదా. అప్పుడు కాస్త హైడ్రోజన్ లోపలికి దూరుతుంది. తరువాత వాననీళ్ళు నిలిచి పూతను తింటున్నప్పుడు ఇంకాస్త దూరుతుంది. మామూలు ఉక్కు దాన్ని లెక్కచెయ్యదు. మరీ గట్టి ఉక్కును బిగించి, ఆ బిగువులోనే ఉంచితే, లోలోపల సన్నగా చీలుతూ పోతుంది. సాగదు, వంగదు, పైకేమీ కనపడదు. ఒకరోజు టప్పుమని పోతుంది. దాని వంతు బరువు పక్కదాని మీద పడుతుంది. పక్కదీ అదే పోత."

"నాలుగు కడ్డీలు లాగి చూశారుగా! నాలుగూ పాసయ్యాయి."

"లాగి ఐదు నిమిషాల్లో తెంపితే ఇంతకన్నా మంచి ఉక్కు లేదు. దీని రోగం ఐదు నిమిషాల్లో బయటపడేది కాదు."

"మరి ఎన్నాళ్ళకు?"

"వారానికి పోవచ్చు, ఏడాదికి పోవచ్చు. కొన్ని ఎప్పటికీ పోకపోవచ్చు."

"అంటే నీకూ తెలీదు!"

"తెలీదు. ఎన్ని బిగించారు?"

బావమరిది హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు అక్క చేతిలో దెబ్బలు తిన్నప్పుడు కూడా ఇలాగే ఎర్రబడేవట. "తొంభై ఆరూ," అన్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "సంతకం పెట్టవు కదూ?" అని అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆయన ఇలాంటి బోల్టులకే సంతకం పెట్టాడు. రైలు పట్టాల మీద నడక వంతెనకు వాడారు వాటిని. లాగుడు పరీక్షలో అన్నీ పాసయ్యాయి. బిగించిన పదిహేడో రోజు ఉదయం, ప్లాట్‌ఫారం ఊడ్చే మనిషి ఒక బోల్టు తల తెచ్చి స్టేషన్‌లో ఇచ్చాడు. అది ఎవరి నెత్తిన పడకుండా ఖాళీ బెంచీ మీద పడింది. దాన్ని ఆయన ఇంకా సొరుగులో ఉంచుకున్నాడు. విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తుంది. సాగి తెగిన ఉక్కు ముఖం అలా ఉండదు. పీచుపీచుగా, అలసిపోయినట్టుగా ఉంటుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వంటింటి బల్ల దగ్గర బఠాణీలు వలుస్తోంది. కూతురు పోయాక ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళలేదు. అక్కడ టీవీ మరీ గట్టిగా పెడతారన్నది ఆవిడ చెప్పే కారణం. ఆయన చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుని, తనూ ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాడు.

"మీ బావమరిది ఫోన్ చేశాడు. 'బావకు నువ్వైనా చెప్పమ్మా' అన్నాడు. ఏం చెప్పాలో చెప్పకుండానే పెట్టేశాడు. ఏం చెప్పమంటావు నాయనా?"

ఆయన నవ్వి, జరిగింది చెప్పాడు. ఆవిడ వలుస్తూనే వింది.

"గట్టిది విరగడమేమిటి? విరగనిదాన్నేగా గట్టిది అంటాం?"

చిక్కంతా అక్కడే ఉంది. ఆయన చదువుకున్న పుస్తకాల్లో ఈ రెండు గుణాలకూ వేరువేరు పేర్లు ఉండేవి. ఇంట్లో, వీధిలో, ఆఖరికి ఆఫీసు ఆర్డరులో కూడా జనం రెంటినీ కలిపి ఒక్క మాటలో కుక్కేశారు.

"మీ కుట్టు డబ్బాలోంచి ఒక సూది తీసుకుంటాను అత్తయ్యా."

సూదిని రెండు వేళ్ళతో పట్టుకుని వంచాడు. అది కొద్దిగా కూడా వంగకుండా టిక్కుమని విరిగి, ఒక ముక్క ఎగిరి బఠాణీల్లో పడింది. తరువాత బఠాణీల సంచీ మూతికి చుట్టిన ఇనప తీగ తీసి, అటు వంచాడు, ఇటు వంచాడు, మెలితిప్పాడు. అది మెలికలు తిరిగింది గానీ తెగలేదు.

"రెంటిలో ఏది గట్టిది?"

"సూదే."

"ఏది విరిగింది?"

"సూదే. ముందు ఆ ముక్క వెతుకు, ఎవరి పంటి కిందైనా పడుతుంది." ఇద్దరూ వెతికారు. ముక్క దొరికాక ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "అయితే నీకు కావలసింది గట్టిది కాదు నాయనా. మొండిది."

ఆయన చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాడు. ఈ మాట తనకు ఒక్కసారీ తట్టలేదు.

"మీ మామగారు గట్టి మనిషి," అంది ఆవిడ. "జీవితంలో ఎవరికీ తల వంచలేదు. చివరికి ఎవరో ఒక మాట అన్నారని మంచమెక్కి, మళ్ళీ లేవలేదు. మన అమ్మాయి మొండిది."

అవును, మొండిదే. ఎనిమిది నెలలు జబ్బుతో పెనుగులాడింది. చెప్పాపెట్టకుండా పోలేదు. ఆ ఎనిమిది నెలల్లోనే ఏ డబ్బాలో ఏముందో, చొక్కా కాలరు ఎలా ఉతకాలో, వాళ్ళ అమ్మతో ఎప్పుడు వాదించకూడదో ఆయనకు నేర్పింది. ఆ నెలలు దక్కడం తన అదృష్టమని ఆయన ఎవరితోనూ అనలేదు. అంటే మనుషులు వింతగా చూస్తారు.

"వాడి ఉద్యోగం పోతుందా?" అని అడిగింది ఆవిడ.

"పోవచ్చు."

"నువ్వు సంతకం పెడితే మనుషులు పోతారా?"

"పోవచ్చు. పోకపోనూవచ్చు."

"మరి నన్ను అడిగేదేముంది? ఉద్యోగం పోతే వాడు ఇక్కడికొచ్చి తింటాడు. బఠాణీలు వలవడానికి ఇంకో రెండు చేతులు వస్తాయి."

మర్నాడు ఆయన మిగిలిపోయిన కడ్డీల్లోంచి ఒకదాన్ని తెప్పించి, ఉక్కు చట్రంలో పెట్టి, వంతెన మీద ఎంత బిగించారో అంతే బిగించాడు. కడ్డీ చుట్టూ ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టాడు. స్తంభాల మీద కడ్డీల అడుగున వాననీళ్ళు నిలిచే గుంటలు ఉన్నాయని ఆయనకు తెలుసు. ఇక చేయవలసిందల్లా కనిపెట్టుకుని ఉండడమే.

మొదటిరోజు ఏమీ కాలేదు. రెండోరోజూ కాలేదు. మిషనావిడ పూటపూటా గుడ్డ తడుపుతూ, మూడోరోజుకల్లా కడ్డీని తిట్టడం మొదలుపెట్టింది. "మొన్న నలభై వచ్చిందని నెత్తిన పెట్టుకున్నాను. దీని పొగరు చూడండి సార్, ఉలుకూ పలుకూ లేదు."

నాలుగోరోజు కాంట్రాక్టరు వచ్చాడు. చట్రం చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం సార్, నిద్రపోతోందా? జోలపాట కూడా పాడుతున్నారా?"

"ఎక్కువ దగ్గరికి వెళ్ళకండి," అన్నాడాయన.

"వెళ్తే?"

"విరిగితే నట్టు ఎగురుతుంది. మీ ముఖం దానికి సరిగ్గా ఎదురుగా ఉంది."

కాంట్రాక్టరు నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేశాడు. మిషనావిడ అది చూసి, "నమ్మకం లేనివాళ్ళు అక్కడే నిలబడొచ్చు కదా," అని కడ్డీతో అంది.

ఎనిమిదోరోజుకు కూడా కడ్డీ విరగలేదు. ఆ మధ్యాహ్నమే పెద్ద ఇంజనీరు వంతెన పక్క షెడ్డులో సమావేశం పెట్టాడు. మర్నాడు ఉదయం తెరవాలి. షెడ్డు రేకులు ఎండకు టకటకమంటున్నాయి. బల్లకు ఒక వైపు పెద్ద ఇంజనీరు, కాంట్రాక్టరు. ఇంకో వైపు ఆయన, బావమరిది. మధ్యలో టైపు చేసిన ధ్రువపత్రం. ఎవరో దయగల మనిషి ఫ్యాను ఆయన వైపు తిప్పి పెట్టాడు.

"మీ కడ్డీ ఏమంటోంది?" అని పెద్ద ఇంజనీరు మర్యాదగానే అడిగాడు.

"ఏమీ అనడం లేదండి."

"అంటే బాగున్నట్టే కదా."

"అదే నా అభ్యంతరం. చెప్పి విరిగేదైతే నేనే సంతకం పెట్టి ముందుగా నడిచేవాణ్ణి. మంచి ఉక్కు సాగుతుంది, వంగుతుంది, పెచ్చులు రాలుస్తుంది. మనుషులు దిగి పారిపోవడానికి టైమిస్తుంది. ఇది ఏమీ అనదు."

"విరుగుతుందని రాసివ్వగలరా?"

"లేదండి. విరగదని రాసివ్వలేను. మీరు అడుగుతున్న కాగితం అదే కదా."

కాంట్రాక్టరు తల కొట్టుకున్నాడు. "నాలుగేళ్ళ నుంచి జనం లాంచీలో బిక్కుబిక్కుమంటూ దాటుతున్నారండీ! ఈయన సూత్రాలకోసం ఇంకెన్నాళ్ళు దాటాలి?"

"కొత్త కడ్డీలు మార్చేదాకా. ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే పెట్టాలి. ఐదు నెలలు."

"మీరు మొండికేస్తున్నారు," అన్నాడు పెద్ద ఇంజనీరు. ఈసారి గొంతులో మర్యాద తగ్గింది.

"అవునండి. ఈ వంతెనలో ఆ గుణం ఎక్కడో ఒకచోట ఉండాలి."

ఆయన కలం తీశాడు. ధ్రువపత్రం తన వైపు లాక్కుని, సంతకం పెట్టే చోట పెద్ద అక్షరాలతో రాశాడు: కడ్డీలు ఉండవలసినదానికన్నా గట్టివి. హెచ్చరిక లేకుండా విరగగలవు. సంతకం చేయను. కింద తేదీ వేశాడు.

"కాగితం పాడుచేశారు!" అన్నాడు కాంట్రాక్టరు.

"ఇంకోటి ఇవ్వండి. దాన్నీ పాడుచేస్తాను."

ఇంకోటి ఉంది. పెద్ద ఇంజనీరు దాన్ని సంచీలోంచి తీసి ఆయన ముందు కాకుండా బావమరిది ముందు పెట్టాడు. "పరీక్షల అధికారి నిరాకరిస్తే, పనుల ఇంజనీరు తన బాధ్యత మీద సంతకం పెట్టవచ్చు. ఆ నిబంధన ఉంది. మీరు కానివ్వండి."

బావమరిది కాగితం వంక, కలం వంక చూశాడు. తరువాత లేచి, "రెండు నిమిషాల్లో వస్తాను సార్," అని బయటికి నడిచాడు. పోతూపోతూ బల్ల మీది ఫైలు చంకలో పెట్టుకున్నాడు. ఆయన వెనకాలే వెళ్ళాడు.

ఇనప మెట్లు ఎక్కితే మొదటి స్తంభం తలకట్టు వస్తుంది. అక్కడ దూలం పాదం దగ్గర రెండు వరసల్లో కడ్డీల తలలు కనిపిస్తున్నాయి. కొత్త జింకు పూత, ఎండకు కళ్ళు చెదిరేలా ఉంది. కింద నీళ్ళలో లాంచీ అవతలి ఒడ్డుకు వెళుతోంది. దాని మీద సైకిళ్ళు, బుట్టలు, గొడుగులు.

బావమరిది వంగి ఒక నట్టు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"బావా, ఒక్కమాట నిజం చెప్పు. నేను కాకుండా ఎవడో ముక్కూముఖం తెలియనివాడు దిద్ది ఉంటే, ఇంత పట్టుబట్టేవాడివా?"

"ఇంకా తొందరగా పట్టుబట్టేవాణ్ణి. నీకు పెట్టనని చెప్పినా, నీ మూలంగా ఒకరోజు ఆలోచించాను. ఆ ఒకరోజుకు నాకు సిగ్గుగా ఉంది."

"ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఒక్క మాట. ఎవడికైనా చెప్తే నవ్వుతాడు, మంచి చెయ్యబోయి చేశానని."

"నవ్వరు. మంచి చెయ్యబోయే చేశావు. కూలిపోయిన వంతెనల్లో కూడా అలాంటివాళ్ళు కట్టినవే చాలా ఉన్నాయి."

"ఓదారుస్తున్నావా, తిడుతున్నావా?"

"రెండూ."

బావమరిది లాంచీ వైపు తిరిగాడు. "ఆ కాగితం మీద నేను సంతకం పెడితే నన్ను ఆపుతావా?"

"ఆపుతాను. రేపు పొద్దున ఆ గేటు దగ్గర కూర్చుంటాను. బస్సు డ్రైవర్లకు ఒక్కొక్కళ్ళకీ చెప్తాను. మీ అమ్మ కూడా వస్తానంది, కుర్చీ తెచ్చుకుంటుందట."

అంత కష్టంలోనూ బావమరిదికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. గాలికి ఎగరకుండా ఫైల్లోని ఆ రెండు కాగితాలనూ కడ్డీ తల పక్కన పెట్టి, రెండు మోకాళ్ళతో నొక్కిపట్టి, ఫోన్‌తో ఫోటో తీశాడు. మించకూడదు ఒకవైపు, తగ్గకూడదు ఒకవైపు. డిజైన్ వాళ్ళకు, పెద్ద ఇంజనీరుకు, ఆయన పైవాళ్ళకు, బస్సు డిపో మేనేజరుకు పంపాడు. కింద ఒక ముక్క రాశాడు: మాట మార్చింది నేనే, కడ్డీలు తప్పు.

షెడ్డులోకి వెళ్ళేసరికి పెద్ద ఇంజనీరు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"నా బాధ్యత మీద చెయ్యమన్నారు కదా సార్. చేశాను."

"నీ ఉద్యోగం గురించి ఆలోచించావా?"

"ఎనిమిది రోజుల నుంచి దాని గురించే ఆలోచించాను సార్. ఇప్పుడే కాసేపు వంతెన గురించి ఆలోచించాను."

రెండో కాగితం బల్ల మీదే ఉంది. పెద్ద ఇంజనీరు దాని వంక చూశాడు. కాంట్రాక్టరు పెద్ద ఇంజనీరు వంక చూశాడు. ఇప్పుడు దాని మీద సంతకం పెట్టాలంటే ఆ ఫోటో చూసిన తరువాతే పెట్టాలి. ఎవరి కలమూ జేబు దాటి రాలేదు. కాసేపటికి పెద్ద ఇంజనీరు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దేనికీ చెందనిదానిలా సంచీలో వేసుకున్నాడు.

మర్నాడు వంతెన తెరవలేదు. బావమరిది మీద విచారణ వేశారు. అది తేలేదాకా లాంచీ రేవు చూసుకోమని ముందు రాత్రే ఉత్తర్వు వచ్చింది. అవమానించడానికే వేశారని అందరికీ తెలుసు. తెల్లవారి ఏడు గంటలకు రేవులో రెండు లాంచీల జనం ఉన్నారు. వంతెన మీద నడిచి వెళ్ళొచ్చనుకుని ఆలస్యంగా బయలుదేరినవాళ్ళంతా అక్కడే పోగయ్యారు. ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, బావమరిది పక్కన వచ్చి నిలబడ్డాడు. బయలుదేరే ముందు మిషనావిడకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. కడ్డీ ఇంకా విరగలేదు.

"నువ్వెందుకు వచ్చావు?" అన్నాడు బావమరిది.

"తిట్లలో వాటాకి."

వరసలో ముందున్న ఒకావిడ సైకిల్ హ్యాండిల్‌కు రెండు బరువైన సంచీలు తగిలించి ఉంది. తలెత్తి వంతెన వంక చూసింది. నున్నగా, తళతళలాడుతూ, ఖాళీగా ఉందది.

"అంత బంగారంలాంటి వంతెన! ఏ మహానుభావుడు ఆపాడు దీన్ని?" అని గట్టిగా అరిచింది.

"నేనేనమ్మా," అన్నాడు బావమరిది, ఒక అడుగు ముందుకు వేసి.

"కాదమ్మా, నేను," అన్నాడాయన. "సంతకం పెట్టనిది నేను."

"నువ్వు పెట్టకపోతే నేను పెట్టేవాణ్ణి కదా. ఆపింది నేనే."

"నేను ఆపకపోతే నీదాకా వచ్చేదే కాదు."

ఆవిడ ఒకరి తరువాత ఒకరిని ఎగాదిగా చూసింది. "అందులో ఏమైనా లోపం ఉందా?"

"ఉందమ్మా," అన్నారిద్దరూ.

"విరిగిందా ఏమైనా?"

"ఇంకా లేదమ్మా," అన్నాడాయన.

"విరక్కుండానే ఆపారా?"

"విరిగాక ఆపితే ఏం లాభం చెప్పండి?"

ఆవిడ సైకిల్‌ను లాంచీ పలక మీదికి ఎక్కిస్తూ, "అదేదో మీరిద్దరూ ముందు తేల్చుకోండి," అంది. "ఎవరో ఒకరైతే తిట్టడానికి తేలికగా ఉంటుంది."

బావమరిది పరుగున వెళ్ళి సైకిల్ వెనక చక్రం ఎత్తి సాయం పట్టాడు. లాంచీ కదిలింది. నది మధ్యకు వెళ్ళేదాకా ఆవిడ వాళ్ళను తిడుతూనే ఉంది. ఆయన ఒడ్డున నిలబడి ఒక్కొక్క తిట్టూ శ్రద్ధగా విన్నాడు. లాంచీ నిండా మనుషులున్నారు, అందరూ క్షేమంగా అవతలి ఒడ్డుకు వెళుతున్నారు.